ట్రైపాడ్: పెట్టె మీద కిలోలు చూడాలా, కాలి లావు చూడాలా?

కెమెరాను నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు ట్రైపాడ్. దాని పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనబడేది ఒకటే అంకె, ఎంత బరువు మోస్తుందని. 5 కిలోలు, 8 కిలోలు, 12 కిలోలు. కొనేవాళ్లు తమ కెమెరా, లెన్సు కలిపి కిలోన్నర ఉంటుందని లెక్కేసుకుని, 5 కిలోలు మోసేది ఉంటే ఇంకేం కావాలనుకుంటారు. ఇంటికి తెచ్చి, పొద్దుగూకే వేళ డాబా మీద పెట్టి, అర సెకను ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి వెలుగు పడే సమయం) ఇస్తే ఫొటో పదునుగా రాదు. చేత్తో పట్టుకుని తీసినదానికంటే ఓ పిసరు నయం, అంతే. అప్పుడు లెన్సు మీద అనుమానపడతారు, ఫోకస్ మీద అనుమానపడతారు. ట్రైపాడ్‌ను మాత్రం ఎవరూ అనుమానించరు.

పెట్టె మీది అంకె అబద్ధమేమీ కాదు. అంత బరువు పెట్టినా కాళ్లు కూలిపోవు, బిగింపులు జారవు అని కంపెనీ చెబుతోంది. దాన్ని ఎలా కొలవాలో అన్ని కంపెనీలూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు, ఎవరి లెక్క వాళ్లది. కాబట్టి ఒకరి 8 కిలోలూ ఇంకొకరి 8 కిలోలూ ఒకటి కావు. అన్నిటికీ మించి, బరువు మోయడం వేరు, కదలకుండా నిలబడడం వేరు. నవారు మంచం మీద నలుగురు కూర్చున్నా విరగదు, కానీ ఒకరు పక్కకు ఒత్తిగిలితే మిగతా ముగ్గురూ ఊగుతారు. ట్రైపాడ్‌తో మన పని మోయడంతో అయిపోదు, ఊగకుండా ఉండడం దగ్గరే మొదలవుతుంది. దాని గురించి పెట్టె మీద ఒక్క ముక్క ఉండదు.

ఎంత కదిలితే ఫొటో చెడుతుందో లెక్క వేసి చూడొచ్చు. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 36 మి.మీ. వెడల్పున్న సెన్సర్ (వెలుగును బొమ్మగా పట్టే పలక) మీద అడ్డంగా 6000 పిక్సెళ్లు ఉంటాయి. అంటే ఒక్కో పిక్సెల్ 6 మైక్రాన్లు, మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. దాని ముందు 200 మి.మీ. లెన్సు పెట్టారనుకోండి. కెమెరా ఎంత కోణం తిరిగితే బొమ్మ ఒక పిక్సెల్ పక్కకు జరుగుతుంది? మీటరు పొడవున్న కర్ర చివర 0.03 మి.మీ. కదిలితే ఎంత కోణమో అంత. వెంట్రుక మందంలో సగం కూడా లేదు. అదే 24 మి.మీ. లెన్సయితే 0.25 మి.మీ. దాకా కదిలినా ఫరవాలేదు, ఎనిమిది రెట్లకు పైగా వెసులుబాటు. అందుకే ‘ఈ ట్రైపాడ్ మంచిదేనా’ అన్న ప్రశ్నకు నేరుగా జవాబు ఉండదు. మీ దగ్గరున్న లెన్సుల్లో అన్నిటికంటే పొడుగుది, అంటే మి.మీ. అంకె అన్నిటికంటే పెద్దది ఏదో ముందు చెప్పాలి. గండికోట లోయను 16 మి.మీ.లో తీసేవాళ్లకు చాలినంత ట్రైపాడ్, నేలపట్టులో గూడబాతులను 400 మి.మీ.లో తీసేవాళ్లకు ఎందుకూ పనికిరాదు.

ఇందులో షటర్ వేగం పాత్ర కూడా ఉంది. బటన్ నొక్కిన వేలు, లోపల పడి లేచే షటర్, పాత డీఎస్ఎల్ఆర్‌లయితే పైకి లేచే అద్దం, ఇవన్నీ కలిసి మొదటి అర సెకను పాటు కెమెరాను వణికిస్తాయి. ఎక్స్‌పోజర్ 1/500 సెకను అయితే ఆ వణుకు అందులో పట్టదు. 30 సెకన్లు అయితే మొదటి అర సెకను వణికినా మిగతా 29న్నర సెకన్ల వెలుగులో అది కలిసిపోతుంది. చిక్కంతా మధ్యలో, సుమారు 1/30 నుంచి ఒక సెకను దాకా. జలపాతం నీళ్లు పాలధారలా రావాలని కుంటాల దగ్గర అందరూ పెట్టేది ఈ వేగాలే. సంధ్యవేళ గోపురానికి పెట్టేవీ ఇవే. నాసిరకం ట్రైపాడ్ గుట్టు బయటపడేది కూడా ఇక్కడే.

ఇక కాళ్ల దగ్గరికి వద్దాం. గొట్టం గోడ మందం ఒకటే అయితే, అది వంగకుండా నిలిచే శక్తి దాని లావు ఘనాన్ని (లావు × లావు × లావు) బట్టి పెరుగుతుంది. చూడడానికి 22 మి.మీ. గొట్టానికీ 28 మి.మీ. గొట్టానికీ పెద్ద తేడా ఉండదు, ఆరు మిల్లీమీటర్లే. గట్టిదనంలో మాత్రం రెండోది మొదటిదానికి రెట్టింపు. కిందికి వెళ్లేకొద్దీ ఇదే లెక్క మనకు ఎదురు తిరుగుతుంది. పైభాగం 28 మి.మీ. ఉన్న కాలులో నాలుగో మడత (ఒకదాంట్లోకి ఒకటి జారే గొట్టాల్లో నాలుగోది) సుమారు 19 మి.మీ. ఉంటుంది. దాని గట్టిదనం పైభాగంలో మూడో వంతు కూడా కాదు. కాబట్టి వివరాల పట్టికలో నేను మొదట వెతికేది కాలి పై గొట్టం లావు, ఆ తర్వాత మడతలెన్ని అని. తక్కువ డబ్బులో గట్టిది కావాలంటే మూడు మడతలదే తీసుకోండి. మడిచాక కాస్త పొడుగ్గా ఉంటుంది, బస్సులో బ్యాగు బయటికి పొడుచుకొస్తుంది, నిజమే. అయిదు మడతల ‘ట్రావెల్’ ట్రైపాడ్ చిన్న సంచిలో ఇమిడిపోతుంది. ఆ ఇమిడిపోవడానికే అక్కడ ధర పెడుతున్నాం, గట్టిదనానికి కాదు.

మధ్యలో పైకి లేచే సెంటర్ కాలమ్ సంగతి ఇంకా ముఖ్యం. దాన్ని పైకి లాగిన క్షణాన మూడు కాళ్ల మీద నిలబడ్డ కెమెరా ఒంటికాలి మీదికి మారుతుంది. కింద మూడు కాళ్లు ఎంత గట్టివైనా పైన ఒక సన్నటి కడ్డీ ఊగుతూనే ఉంటుంది. కంపెనీలు ‘ఎత్తు 165 సెం.మీ.’ అని రాసేది ఆ కాలమ్‌ను మొత్తం లాగాకే. దాన్ని దించేస్తే ఎంత వస్తుందో చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. మీరు చూడాల్సింది అది. లెక్క సులువే. మనిషి ఎత్తు 172 సెం.మీ. అయితే కళ్లు నేల నుంచి సుమారు 160 సెం.మీ. ఎత్తున ఉంటాయి. కాళ్ల మీద కెమెరాను పట్టి తిప్పే భాగం, బాల్ హెడ్, పది సెం.మీ., కెమెరా అడుగు నుంచి వ్యూఫైండర్ దాకా ఎనిమిది సెం.మీ. తీసేస్తే మిగిలేది 142. కాళ్లే అంత ఎత్తు వస్తే కాలమ్ జోలికి వెళ్లక్కర్లేదు. వెనక స్క్రీన్ మీద చూసి తీసే అలవాటుంటే ఇంకో పది, పదిహేను సెం.మీ. తగ్గినా చాలు. కొండ వాలులో తీసేవాళ్లయితే ఆ పదిహేను మిగుల్చుకోవడమే మంచిది, ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది.

రెండు వేల లోపు వచ్చే వాటిలో చాలావరకు కాళ్లు మూడింటినీ మధ్యలో కలుపుతూ ప్లాస్టిక్ బద్దలు ఉంటాయి. చదునైన నేల మీద వాటివల్ల నష్టం లేదు, పైగా కొంత పట్టు ఇస్తాయి. రాళ్ల మీద మాత్రం ఒక కాలు వెడల్పుగా, ఒకటి నిటారుగా పెట్టే వీలు ఉండదు. హెడ్ కూడా కాళ్లకే అతుక్కుని ఉంటుంది, రేపు మంచి హెడ్ కొన్నా మార్చలేరు. ఫోన్‌కీ, ఇంట్లో వీడియో కాల్‌కీ అవి చాలు. కెమెరాకు కావు.

అల్యూమినియమా, కార్బన్ ఫైబరా అన్న వాదన ఎంతసేపైనా సాగుతుంది. గిట్జో కంపెనీ 1994లో కార్బన్ ఫైబర్ కాళ్లు తెచ్చినప్పటి నుంచీ అది నడుస్తూనే ఉంది. కార్బన్ తేలిక, వణుకును త్వరగా చల్లారుస్తుంది, లంబసింగి చలిలో పట్టుకున్నా చేతులు కొంకర్లు పోవు. అయితే అంతే గట్టిదనానికి ధర రెండు, మూడు రెట్లు. అదీకాక కార్బన్‌లో రకరకాల నాణ్యతలుంటాయి. పైకి నల్లటి అల్లిక ఒకేలా కనిపిస్తుంది, లోపల పొరలు ఎలా వేశారో కంటికి తెలియదు. అల్యూమినియానికి దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, కార్బన్‌కు గట్టి దెబ్బ తగిలితే పగులు వస్తుంది. డబ్బుకు లెక్క చూసుకునేవాళ్లకు నా సలహా ఒకటే. సన్నటి కార్బన్ కంటే లావాటి అల్యూమినియం మేలు. ఓ అరకిలో ఎక్కువ మోయాలి. గాలిలో ఆ అరకిలో కూడా అక్కరకొస్తుంది.

కాళ్ల బిగింపుల్లో రెండు రకాలు. మెలితిప్పేవి, మీట నొక్కేవి. ఇందులో గెలుపోటములు లేవు. మీట బిగింపు పడిందో లేదో దూరం నుంచి చూసినా తెలుస్తుంది. వదులైతే పక్కనున్న చిన్న స్క్రూను ఆలెన్ కీతో బిగించుకోవచ్చు. మెలితిప్పేది కొమ్మలకు, బ్యాగు పట్టీలకు చిక్కుకోదు, విప్పి కడుక్కోవడం తేలిక.

కాళ్ల తర్వాత హెడ్. ఫొటోలకు ఎక్కువమంది కొనేది బాల్ హెడ్. ఒక గుండు, దాన్ని బిగించే మర. గుండు పెద్దదయ్యేకొద్దీ పట్టు పెరుగుతుంది, కాబట్టి దాని వ్యాసం చూడండి. 30 మి.మీ. లోపుదైతే కిట్ లెన్సు (కెమెరాతోపాటు వచ్చే చిన్న లెన్సు) దాకానే. 70-200 ఎఫ్2.8 లాంటి బరువైన జూమ్ లెన్సు పెట్టేవాళ్లకు 36 మి.మీ., ఆపైన ఉండాలి. కెమెరాతో కలిపి అది రెండు కిలోల పైచిలుకు తూగుతుంది, పైగా ఆ బరువంతా ముందుకు వేలాడుతుంది. హెడ్‌ను కిందికి లాగేది ఉత్త బరువు కాదు, ఎంత దూరంలో వేలాడుతోందన్నదీ దాంతో కలుస్తుంది. పెద్ద లెన్సులకు పట్టీలాంటి కాలర్ ఇచ్చేది ఇందుకే. కెమెరాను కాదు, ఆ కాలర్‌ను హెడ్‌కు బిగించండి.

చవక బాల్ హెడ్‌కు ఒక జబ్బు ఉంటుంది. ఫ్రేమ్ సరిగ్గా పెట్టుకుని మర బిగించి చెయ్యి తీయగానే ముందుభాగం కాస్త కిందికి దిగుతుంది. కొండ అంచును ఫ్రేమ్ మూలకు పెట్టుకుంటే అది పైకి జరిగిపోతుంది. మాక్రో (పురుగులు, పూల లాంటివి బాగా దగ్గరగా) తీసేవాళ్లకైతే పిచ్చెక్కుతుంది. మూడు పిడుల పాన్ అండ్ టిల్ట్ హెడ్‌కు ఈ బాధ తక్కువ, ఒక్కో దిక్కును విడిగా సరిచేసుకోవచ్చు. గుడి స్తంభాలు, ఇళ్ల లోపలి గదులు, దుకాణాల వస్తువులు తీసేవాళ్లకు అదే హాయి. బరువు, పిడులు అడ్డు తగలడం దాని లోపాలు. వీడియోకు రెండూ పనికిరావు. పెళ్లిలో కెమెరాను పీటల మీద నుంచి అక్షింతలు వేసేవాళ్ల వైపు మెల్లగా తిప్పాలంటే, లోపలి ద్రవం వల్ల కుదుపు లేకుండా తిరిగే ఫ్లూయిడ్ హెడ్ కావాలి. చవక వాటిలో ఆ పేరు రాసి ఉన్నా లోపల ఉండేది ఉత్త గ్రీజు. మెల్లగా తిప్పి పిడి వదిలేయండి. కెమెరా కొంచెం వెనక్కి లాక్కుంటే అది గ్రీజు హెడ్డే.

ఇక్కడ మరల గురించి రెండు మాటలు. కెమెరా అడుగున ఉండే రంధ్రం 1/4 అంగుళం, అంగుళానికి 20 మరలు. కాళ్లకూ హెడ్‌కూ మధ్య ఉండేది సాధారణంగా 3/8 అంగుళం, అంగుళానికి 16 మరలు. రెండూ ఐఎస్ఓ 1222 ప్రమాణం ప్రకారమే ఉంటాయి కాబట్టి ఒక కంపెనీ కాళ్లకు ఇంకో కంపెనీ హెడ్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. కెమెరాకు బిగించే ప్లేట్లకు మాత్రం అలాంటి అధికారిక కొలత లేదు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఆర్కా-స్విస్ అనే కంపెనీ పెట్టిన సుమారు 38 మి.మీ. వెడల్పు పట్టీని అందరూ అనుసరించడంతో అదే వాడుకగా స్థిరపడింది. అందరూ అదే కొలతంటారు గానీ వెంట్రుకవాసి తేడాలుంటాయి. మీట నొక్కే క్లాంపు ఒక ప్లేటుకు బిర్రుగా ఉండి ఇంకోదానికి వదులవుతుంది. స్క్రూ తిప్పి బిగించేదైతే ఏ ప్లేటునైనా పట్టుకుంటుంది. మొదటి హెడ్‌కు స్క్రూ క్లాంపే నా ఓటు. కంపెనీకి సొంతమైన వింత ఆకారం ప్లేట్లున్న హెడ్ కొంటే, ఆ ప్లేటు పోయిన రోజున మళ్లీ దొరికేదాకా హెడ్ మూలన పడి ఉండాల్సిందే.

డబ్బు లెక్క. ధరలు పండగ పండక్కీ మారతాయి కాబట్టి మెట్లుగానే చెబుతాను. మూడు నుంచి ఆరు వేల మధ్య డిజిటెక్, సింపెక్స్ లాంటి పేర్లతో అల్యూమినియం కాళ్లూ బాల్ హెడ్డూ కలిపి వస్తాయి. వీటిలో కాళ్లు ఫరవాలేదు, హెడ్డే తేలిపోతుంది. ఎనిమిది నుంచి పదిహేను వేల మధ్య బెన్రో, సిరూయి, వాన్‌గార్డ్ లాంటివి. పై గొట్టం 25, 28 మి.మీ. ఉన్నవి, హెడ్ ఊడదీయగలిగినవి దొరికేది ఇక్కడే. దానిపైన మాన్‌ఫ్రాటో, ఇంకా పైన గిట్జో. పది వేలే ఉంటే ఆరున్నర, ఏడు కాళ్లకూ, మిగతాది హెడ్‌కూ పెట్టమంటాను. హెడ్‌ను రేపు మార్చుకోవచ్చు. సన్నటి కాళ్లను ఎవరూ లావు చేయలేరు. అంత పెట్టలేకపోతే మూడు వేలకు కొత్తది కొనే బదులు వాడేసిన పాత మాన్‌ఫ్రాటో 055 కాళ్ల కోసం వెతకండి. బరువే గానీ గట్టిది. కొనేముందు ఒక్కో మడతనూ లాగి, బిగించి, పైనుంచి ఒళ్లు బరువు ఆనించి చూడండి. జారిందంటే లోపలి బిగింపు అరిగింది. దాని హెడ్‌కు ప్లేటు ఉందో లేదో అడగడం మరవొద్దు.

వీలైతే దుకాణానికి వెళ్లే కొనండి. హైదరాబాద్‌లో కోఠీ వైపు కెమెరా దుకాణాల్లో బేరంతోపాటు ముట్టుకుని చూసే అవకాశం కూడా ఉంటుంది. మీ కెమెరా, మీ పొడుగాటి లెన్సు వెంట తీసుకెళ్లండి. కాలమ్ పైకి లాగకుండా కాళ్లు మాత్రం పూర్తిగా చాపి కెమెరా బిగించండి. స్క్రీన్ మీద బొమ్మను పది రెట్లు పెద్దది చేసి ఎదురు గోడ మీది అక్షరం మీద పెట్టండి. లెన్సు మూతి మీద వేలితో ఒక్కసారి తట్టండి. అక్షరం వణికి ఆగిపోతుంది. ఒక సెకను లోపే ఆగితే మంచిదే, రెండు మూడు సెకన్లు ఊగుతూనే ఉంటే పెట్టెలో పెట్టేయమనండి. తర్వాత కెమెరా తీసేసి, కాళ్లు కలిసే పై పళ్లేన్ని రెండు చేతులా పట్టుకుని మూత తిప్పినట్టు మెలితిప్పండి. పాదాలు కదలకుండా పళ్లెం మాత్రమే తిరుగుతుంటే లోపం కాళ్ల కీళ్లలో ఉంది. ఈ మెలి సంగతి చాలామంది చూడరు. పైనుంచి నొక్కి చూసి సంతృప్తిపడతారు. గాలి మాత్రం లెన్సును పక్కనుంచే తోస్తుంది. చివరగా బాల్ హెడ్ మర బిగించి చెయ్యి తీయండి, అక్షరం ఎంత జరిగిందో చూడండి. దుకాణదారు కాస్త విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఉన్న ట్రైపాడ్‌నే ఇంకొంత గట్టిగా నిలబెట్టుకునే మార్గాలున్నాయి, వాటికి పైసా ఖర్చు లేదు. లావాటి మడతలు ముందు చాపండి, అన్నిటికంటే సన్నటిది తప్పదంటేనే లాగండి. ఒక కాలు లెన్సు చూసే వైపు ఉండాలి. కెమెరా మెడపట్టీ గాలికి తెరచాపలా పనిచేస్తుంది, ఊడదీసేయండి. షటర్‌కు రెండు సెకన్ల టైమర్ పెట్టండి, షటర్ మొదటి తెర కదలకుండానే ఫొటో మొదలుపెట్టే ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ ఉంటే వాడండి. చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్‌ను ఆపమని మీ కెమెరా పుస్తకం చెబుతుంటే ఆపండి. కొన్ని కొత్త మోడళ్లు ట్రైపాడ్ మీద ఉన్నామని వాటంతటవే గుర్తిస్తాయి. మధ్యలో ఉన్న కొక్కేనికి బ్యాగు తగిలిస్తే మంచిదే, కానీ గాలిలో వేలాడితే అదే లోలకమై కొత్త ఊపు తెస్తుంది. అడుగు నేలకు తాకీతాకనట్టు ఉండాలి. వంట వీడియోల కోసం కెమెరాను గిన్నె మీదికి అడ్డంగా చాపేవాళ్లు ఆ చాచిన వైపున ఒక కాలు ఉండేలా, వెనక చివర ఇసుక సంచి వేలాడేలా చూసుకోవాలి. లేకపోతే కెమెరా సాంబారులో పడుతుంది.

ఎంత పెట్టి కొన్నా పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. రాజమండ్రిలో 1974లో మొదలైన రోడ్డు-రైలు వంతెన మీద నిలబడి గోదావరిని తీస్తే, కింద అంతస్తులో రైలు వెళ్తున్నంతసేపూ కాళ్ల కింద వంతెనే వణుకుతుంది. రైలు పోయాక తీయాలి, అంతకుమించి ఉపాయం లేదు. పెళ్లి మండపాల చెక్క వేదికలూ అంతే, ఒకరు అడుగేస్తే కెమెరా అదురుతుంది. వేదిక దిగి నేల మీద నుంచి తీయండి. పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో చేత్తో తీసుకుంటే అభ్యంతరం చెప్పనివాళ్లే, ట్రైపాడ్ చాపగానే అనుమతి పత్రం అడుగుతారు. ముందే రాయించుకుని వెళ్లాలి. ఇక ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల స్టెబిలైజేషన్‌తో వెడల్పు లెన్సు మీద పావు సెకను దాకా చేత్తోనే లాగించేవాళ్లున్నారు. పగటి వెలుగులో మనుషుల్ని తీయడమే మీ పనైతే ఈ పది వేలూ లెన్సు మీద పెట్టండి. పక్షుల కోసం రోజంతా తిరిగేవాళ్లకు ఒంటికాలి మోనోపాడ్ ఎక్కువ ఉపయోగం.

విశాఖ, సూర్యలంక వైపు సముద్రతీరాల్లో తీసేవాళ్లకు చివరగా ఒక పని ఉంది. ఉప్పునీళ్లు, ఇసుక తగిలిన కాళ్లను అలాగే మడిచి సంచిలో పెట్టొద్దు. మడిచినప్పుడు ఇసుక పైగొట్టంలోకి చేరి బిగింపును గీరుతుంది, ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇంటికొచ్చాక కాళ్లు చాపే ఉంచి మంచినీళ్లతో కడగండి. మెలితిప్పే బిగింపులైతే కింది మడతలు ఊడదీసి, లోపలి ప్లాస్టిక్ రేకులను ఏ కాలివి ఆ కాలి పక్కనే వరసగా పెట్టుకుని, గుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరాకే తిరిగి బిగించండి. మరలకు గ్రీజు కొద్దిగా చాలు, రేకులకు మాత్రం అసలు తగలకూడదు. తగిలితే కాలు ఎంత బిగించినా జారుతుంది.